ప్లగ్గు ముట్టుకోకు

ఆదివారం తెల్లవారుజామున 2.17కి రెండు సైకిళ్ళ ముందు లైట్లూ వెలగలేదు.

చోటు, పాత రోడ్డు మీద 352వ కిలోమీటరు దగ్గర మూసి ఉన్న టైర్ల దుకాణం అరుగు. మనుషులు ఇద్దరు, వదినా ఆడపడుచులు. శనివారం తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరారు. 600 కిలోమీటర్లు నలభై గంటల్లో తొక్కాలి. దారిలో కార్డు మీద ముద్ర వేయించుకోవాల్సిన చోట్లుంటాయి, ఒక్కో చోటుకీ ఒక్కో గడువు. తర్వాతి ముద్ర 414 దగ్గర, గడువు ఉదయం 7.36. ఇది పందెం కాదు. ముందొచ్చినవాళ్ళకి బహుమతి లేదు, చివరొచ్చినవాళ్ళకి చిన్నతనం లేదు. గడువు దాటినవాళ్ళకి మాత్రం ముద్ర లేదు. ముందు లైటు లేకుండా చీకట్లో తొక్కుతూ కనిపిస్తే కార్డు తీసేసుకుంటారు. బయల్దేరిన ముప్ఫై ఒక్కమందిలో తొమ్మిదిమంది అప్పటికే మానేశారు. మిగిలినవాళ్ళలో వీళ్ళిద్దరే ఆఖరు.

వదిన బస్సు డ్రైవరు. పందొమ్మిదేళ్ళ సర్వీసు. డిపోలో అందరూ డ్రైవరమ్మ అంటారు. ఆడపడుచు లైబ్రరీలో పుస్తకాలకి బైండింగ్ చేస్తుంది. ఇంట్లో ఆమె పిలుపు గువ్వ. రెండేళ్ళుగా గువ్వకి చీకటి పడితే చూపు ఆనడం లేదు. పక్కచూపు పోయింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, అదీ దాని మీద వెలుగు పడితేనే. వచ్చే ఏడాదికి రాత్రిపూట సైకిలు మర్చిపొమ్మన్నాడు కళ్ళ డాక్టరు. 600 ఆమె అంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టింది. మొదటిసారి వాన ఆపింది. రెండోసారి వెనక చక్రం ఇరుసు విరిగింది. ఇది మూడోసారి. నాలుగోసారి లేదు.

"లైట్ల సంగతి నాకొదిలెయ్" అని డ్రైవరమ్మ మాటిచ్చింది.

ఆ మాటిచ్చి మూడు నెలలు. ఆ మూడు నెలలూ ఇంట్లో లైట్ల గోల తప్ప ఇంకోటి లేదు. చక్రం తిరుగుతుంటే కరెంటు పుట్టే డైనమో ఇరుసు గురించి ఆలోచించారు. దాని ధరకి ఇంకో రెండు సైకిళ్ళొస్తాయని వదిలేశారు. దుకాణంలో కొన్న లైటు డబ్బా మీద పది గంటలని రాసుంది. స్నానాల గదిలో పెట్టి తలుపేసి, గంటకోసారి వెళ్ళి చూస్తే మూడు గంటల నలభై నిమిషాలకి ఆరింది. ఇంకో లైటు ఛార్జింగు పెడితే వెలగదు, వెలిగితే ఛార్జింగు ఎక్కదు. ఫోనుకి వాడే పవర్ బ్యాంకుకి వెనక లైటు తగిలిస్తే, లైటు లాగే కరెంటు మరీ తక్కువై, ఏదీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తనే పడుకుంది.

"ఈ పవర్ బ్యాంకు అచ్చం మీ అన్నయ్యే" అంది డ్రైవరమ్మ. "పని చిన్నదైతే చేయక్కర్లేదనుకుంటుంది."

చివరికి డిపో ఎలక్ట్రీషియన్ని పట్టుకున్నారు. ఆయన్ని అందరూ ఫ్యూజు బాబాయంటారు. ఆయన భోజనాల బల్ల మీద సామాను పరిచి తీర్పు చెప్పాడు.

"వెనక లైట్లు మనిషికి రెండు, పెన్సిల్ సెల్సుతో నడిచేవి. ఏ కిళ్ళీ కొట్లోనైనా దొరుకుతాయి సెల్సు. హెల్మెట్ మీద చిన్న టార్చి, పంక్చరైతే చూసుకోడానికి. ముందు లైటుకి బ్యాటరీ నేను కట్టిస్తాను. తక్కువ వెలుగులో పెడితే ఇరవై గంటలు."

మాట ప్రకారం రెండు కట్టాడు. నాలుగు సెల్సు, వాటికి కాపలాగా వేలెడంత బోర్డు, సెల్సుకీ బోర్డుకీ మధ్య పసుపు ప్లగ్గు. నీళ్ళు పోకుండా మొత్తం జిగురుతో మూసేశాడు. ఇస్తూ ఒక మాట చెప్పాడు. "అలమరలో నెలల తరబడి దాచడానికే ఈ ప్లగ్గు. ఒకసారి పెట్టాక ముట్టుకోకు. ఆపాలంటే లైటు మీద స్విచ్చుంది." డ్రైవరమ్మ ఆ సమయంలో స్నానాల గది లైటు ఎన్ని నిమిషాలు వెలిగిందో పుస్తకంలో రాసుకుంటోంది. ఊ అంది.

డిపో షెడ్డు గోడ మీద మూరెడు అక్షరాలతో ఒక మాట ఉంది: బండి ఆగిందా? బ్యాటరీ తీయి. పదకొండేళ్ళ కిందట వైరు తీయకుండా వదిలేసిన బస్సు రాత్రికి రాత్రి కాలిపోయింది, పక్కనున్న రెండింటినీ కలుపుకుని. ఆ మర్నాడు రాసిన మాట అది. రాసింది ఫ్యూజు బాబాయే. అప్పట్నించీ డ్రైవరమ్మ ఏ రాత్రీ పక్క తలుపు తెరిచి బ్యాటరీ హ్యాండిలు లాగకుండా ఇంటికి వెళ్ళలేదు. ఆ పని ఆమె చేయదు. చెయ్యి చేస్తుంది.

శనివారం అర్ధరాత్రి దాటాక 1.32కి టైర్ల దుకాణం అరుగు మీద నలభై నిమిషాలు పడుకుందామనుకున్నారు. గువ్వ ఒరిగింది ఒరిగినట్టే నిద్రపోయింది. డ్రైవరమ్మ సైకిళ్ళు గోడకి ఆనించి, రెండింటి దగ్గరా వంగి, రెండు పసుపు ప్లగ్గులూ పీకి పడుకుంది.

2.17కి వాటిని తిరిగి పెట్టింది. స్విచ్చులు వేసింది. ఏమీ వెలగలేదు.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. ప్లగ్గులో తేమ."

చొక్కా అంచుతో తుడిచింది. నోటితో ఊదింది. గువ్వ లైటుకి తన బ్యాటరీ పెట్టింది, తన లైటుకి గువ్వ బ్యాటరీ పెట్టింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. ప్లగ్గు పీకింది తనేనని ఆమెకి 2.17కే తెలుసు. అది చెప్పాల్సి వస్తుందని ఇరవై నాలుగు నిమిషాలు తుడిచింది.

లెక్క ఇలా ఉంది. 5.40కి దారి కనిపించేంత తెల్లారుతుంది. అక్కణ్ణించి 7.36 దాకా గంటా యాభై ఆరు నిమిషాలు. అప్పటికే అంత తొక్కిన కాళ్ళు గంటకి ఇరవై లాగితే గొప్ప. అంటే పగటి వెలుగులో ముప్ఫై తొమ్మిది. మొత్తం అరవై రెండు. మిగతా ఇరవై మూడు కిలోమీటర్లూ చీకట్లోనే దాటాలి.

2.41కి ఆమె పది అడుగులు దూరం నడిచి ఫ్యూజు బాబాయికి ఫోను చేసింది. రెండోసారికి ఎత్తాడు.

"బండి ఎక్కడాగింది?" అన్నాడు, నిద్రలోనే.

"బస్సు కాదు బాబాయ్. నేను, డ్రైవరమ్మని. సైకిలు లైట్లు వెలగట్లేదు. రెండూ."

"రెండూ ఒకేసారి చావవే. ఏం చేశావ్?"

ఆమె వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "పడుకునే ముందు ప్లగ్గులు పీకాను."

"పసుపువా?"

"ఆఁ."

"ఎందుకు పీకావమ్మా?"

"ఎందుకేంటి బాబాయ్! బండి ఆగితే బ్యాటరీ తీయమని గోడంతా రాసింది నువ్వు కాదా?"

"ఓరి నాయనో" అన్నాడాయన. మంచం కిర్రుమంది, లేచి కూర్చున్నట్టున్నాడు. "అది బస్సుకి తల్లీ! బస్సు బ్యాటరీ దున్నపోతు. తాడు విప్పినా కట్టినా పట్టించుకోదు. ఇది చంటిపిల్ల. సెల్సు తీశావంటే బోర్డు నిద్రపోతుంది. మళ్ళీ పెట్టినా లేవదు. ఛార్జరు తగిలిస్తేనే లేస్తుంది. ఛార్జరేది?"

"నిర్వాహకులు ముందుకి చేరవేసే సంచిలో పంపించేశాను. 414 దగ్గరుంది."

"శెభాష్."

"బరువని పంపాను బాబాయ్."

"అవునవును, పావుకిలో. ఇప్పుడు మొయ్యి."

"బోర్డు లేకుండా సెల్సు నుంచి నేరుగా లైటుకి కలిపెయ్యనా?"

"కలుపు. జిగురు కొయ్యి, చీకట్లో తీగలు బయటికి లాగు. తీగకి తీగ తగిలితే సైకిలు మీదే మంట. ఎవరి సైకిలుకి కలుపుతావ్, గువ్వ సైకిలుకా?"

చేతిలోని బ్యాటరీ జిగురు మీంచి ఆమె గోరు తీసేసింది.

"విను. మోటారు సైకిలు ఏదన్నా దొరికితే దాని బ్యాటరీ చాలు. ఛార్జింగు రంధ్రం దగ్గర ఎర్రకి ఎర్ర, నల్లకి నల్ల. తాకించి తీసెయ్. కాలే పెనం ముట్టుకున్నట్టు, అంతే. పట్టుకుని ఉన్నావో, బోర్డు కాలిపోతుంది. అప్పుడు నేనొచ్చినా లేవదు."

"ఈ రోడ్డు మీద మోటారు సైకిలెక్కడిది బాబాయ్?"

"రోడ్డు మీదున్నది నువ్వు. నేను మంచం మీదున్నాను."

కొత్త రోడ్డు పడ్డాక ఈ పాత రోడ్డు మీద బళ్ళు తిరగడం మానేశాయి. బళ్ళు తిరగవనే నిర్వాహకులు దీన్ని ఎంచుకున్నారు. డ్రైవరమ్మ దారి కాగితం తీసి టార్చి వెలుగులో చూసింది. 361 దగ్గర రైల్వే గేటు. ఆలోపు ఏమీ రాసి లేదు.

"ఏమన్నాడు?" అంది గువ్వ.

"మోటారు సైకిలు కావాలిట. గేటు దగ్గర గేట్‌మన్ ఉంటాడు. తొమ్మిది కిలోమీటర్లు."

"పద."

టార్చి ఒక్కటే ఉంది. పవర్ బ్యాంకు ఖాళీ అయింది, ఫోన్లలో మిగిలిన ఛార్జింగు మాట్లాడటానికే. గువ్వ టార్చి 310 దగ్గర, లైటు ఆరి రోడ్డు పక్కన కూర్చున్న ఒక పళ్ళ డాక్టరుకి ఇచ్చేశారు. చీకట్లో ఎవరైనా అడిగితే లేదనకూడదన్నది తొక్కేవాళ్ళ మధ్య ఆనవాయితీ. గువ్వే ఇచ్చింది, డ్రైవరమ్మే ఇవ్వమంది.

2.50కి బయల్దేరారు. డ్రైవరమ్మ హెల్మెట్ మీద టార్చితో ముందు, గువ్వ ఆ వెనక లైటు ఎర్రచుక్క చూసుకుంటూ వెనక. కార్డు పోయే పనే, టార్చిని ముందు లైటు కింద ఎవరూ ఒప్పుకోరు. అయినా తొక్కారు. గువ్వకి చుక్క కనిపిస్తోంది. చుక్కకీ తనకీ మధ్య రోడ్డు కనిపించడం లేదు. కిలోమీటరు తొక్కిందో లేదో ముందు చక్రం గుంతలో దిగింది. డ్రైవరమ్మ వెనక్కి తిరిగేసరికి గువ్వ తన సైకిలు కింద పడి ఉంది.

మోకాలు చిట్లింది. రక్తం కారి మేజోడులోకి దిగింది. చక్రం వంగలేదు. గువ్వ ముందు చక్రాన్నే తడిమి చూసుకుంది, తర్వాత మోకాలు.

"జీపుకి ఫోను చెయ్యనా?" అంది డ్రైవరమ్మ. నిర్వాహకుల జీపు రోడ్డు మీదే ఎక్కడో తిరుగుతూ ఉంటుంది.

"చేస్తే ఎక్కాలి. ఎక్కితే అయిపోయినట్టే. ఇంక తొక్కొద్దు వదినా, నడుద్దాం."

2.58కి నడక మొదలైంది. డ్రైవరమ్మ ఎడమ చేత్తో తన సైకిలు తోస్తోంది. గువ్వ కుడిచేత్తో తన సైకిలు తోస్తూ, ఎడమ చేత్తో వదిన చొక్కా వెనక జేబు పట్టుకుంది. గేటు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు.

గేటు దాకా నడిస్తే గంటా నలభై నిమిషాలు. అక్కడ మోటారు సైకిలు లేకపోతే చేసేదేమీ లేదు. ఉంటే, వెలిగితే, ఐదుకి మళ్ళీ ఎక్కితే, 5.40కి పన్నెండు కిలోమీటర్లు పోవచ్చు. ఇరవై మూడు కావాలి. తొమ్మిదీ పన్నెండూ ఇరవై ఒకటి. డ్రైవరమ్మ ఈ లెక్క నాలుగుసార్లు వేసింది. ప్రతిసారీ రెండు తక్కువే వచ్చింది.

"పరిగెత్తుదామా?" అంది.

నూట యాభై అడుగులు పరిగెత్తారు. పెడలుకి బిగించుకునే ఇనప బిళ్ళ ఉన్న బూట్లవి. గువ్వ జారింది, జేబు చిరిగింది. మళ్ళీ నడిచారు.

"ఏం కనిపిస్తోంది?" అంది గువ్వ.

"రోడ్డు."

"అది నాకూ తెలుసు. పక్కన?"

"ఏం లేదు."

"నీకూ ఏం కనిపించకపోతే ఇంక నాకూ నీకూ తేడా ఏంటి? నా కళ్ళ మందు నువ్వూ వేసుకో."

డ్రైవరమ్మ టార్చి రోడ్డు పక్కకి తిప్పింది. కిలోమీటరు రాయి వచ్చింది. 356. టైము 3.35.

3.50కి టార్చి ఎర్రబడింది. ఆగి సెల్సు మార్చారు. ఉన్నవి నాలుగు, టార్చికి మూడు. మిగిలింది ఒకటి. ఒకదానితో ఏదీ వెలగదు.

"వదినా, నేనొకటడుగుతా. నిజం చెప్తావా?"

"అడుగు."

"గేటు దగ్గర బండి లేకపోతే?"

"ఉంటుంది."

"నేనడిగింది అది కాదు."

"లేకపోతే లేదు" అంది డ్రైవరమ్మ.

4.38కి గేటు చేరారు. గది కిటికీలో దీపం ఉంది. గది వెనక రేకు కింద మోటారు సైకిలు ఉంది. డ్రైవరమ్మ ముందు దాన్ని చూసింది, తర్వాత మనిషిని. గేట్‌మన్‌కి యాభై దాటి ఉంటాయి. చేతిలో పచ్చ దీపంతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"దూరాన్నించి చూస్తున్నాను" అన్నాడు. "ఈ వేళప్పుడు ఇద్దరాడవాళ్ళేంటా అని. దెయ్యాలైతే సైకిళ్ళు తోసుకురావు కదా అని ధైర్యం చేశాను."

డ్రైవరమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన గది గోడ మీద గడియారం చూశాడు.

"గూడ్సు వస్తోందమ్మా. గేటేశాను. అది దాటేదాకా నేనీ గుమ్మం వదలకూడదు. బండి తాళం నా దగ్గరుంది, పక్క మూత నేనే తీయాలి. అది పట్టేసి ఉంది, మీకు రాదు."

"ఎంతసేపండీ?"

"వచ్చినప్పుడే వచ్చినట్టు. గూడ్సుకి మీలాగ గడువులుండవు."

తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాల్లో డ్రైవరమ్మ పవర్ బ్యాంకు వైరుని పళ్ళతో కొరికి రెండు తీగలు బయటికి లాగింది. గువ్వ మోకాలు కడుక్కుని, చేతిరుమాలు కట్టుకుని, పట్టాల వైపు తిరిగి కూర్చుని అంది.

"పసుపు ప్లగ్గులు పీకింది నువ్వే కదా."

డ్రైవరమ్మ చేతులు ఆగాయి.

"ఎలా తెలుసు?"

"నా కళ్ళు పోతున్నాయి వదినా. చెవులు కాదు. నువ్వు పది అడుగులు దూరం వెళ్ళి అరిస్తే వినబడదా?"

"మరి ఇందాకే అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఏడుస్తావు. ఏడుస్తూ నడిస్తే ఆలస్యం."

గూడ్సు వచ్చింది. నలభై ఆరు పెట్టెలు. గువ్వ లెక్కపెట్టింది. 4.47కి గేటు లేచింది. గేట్‌మన్ నాణెంతో మోటారు సైకిలు పక్క మూత తీశాడు.

డ్రైవరమ్మ ముందు తన బ్యాటరీ పెట్టింది. ఎర్రకి ఎర్ర, నల్లకి నల్ల. టార్చి వెలుగులో తీగలు దూర్చింది. తీగ రంధ్రంలో ఇరుక్కుంది. లాగేసరికి రెండు క్షణాలైంది. లోపల చిటుక్కుమంది. కాలిన వాసన వచ్చింది. లైటుకి తగిలించి స్విచ్చు వేసింది. వెలగలేదు. ఆమె ఆ బ్యాటరీని పక్కన నేల మీద పెట్టింది.

"అది నీది కదా?" అంది గువ్వ.

"ఆఁ. నీది ముందు పెడతానా?"

రెండోదానికి తీగలు మళ్ళీ తిన్నగా మెలితిప్పింది. గేట్‌మన్ పచ్చ దీపం దగ్గరికి పట్టాడు. ఆమె తాకించి తీసేసింది. గువ్వ లైటుకి తగిలించింది. స్విచ్చు వేసింది.

గది గోడ మీద వెలుగు పడింది. టైము 4.52.

"అయితే నా బండి పాసయినట్టే" అన్నాడు గేట్‌మన్.

గువ్వ ముందు, డ్రైవరమ్మ వెనక. లైటు గువ్వ సైకిలుకి. గువ్వకి వెలుగు నడుమ ఉన్న రోడ్డు కనిపిస్తుంది, అంచులు కనిపించవు. అంచులు డ్రైవరమ్మ చెప్తోంది.

"ఎడమకి వెళ్తున్నావ్. కుడి. కుడి. చాలు. ముందర కల్వర్టు. గుంత, కుడి పక్కన. అదీ. తొక్కు."

బస్సులో కండక్టరు డ్రైవరుకి చెప్పే మాటలవి. పందొమ్మిదేళ్ళలో ఆమె వాటిని విన్నదే తప్ప అనలేదు. గంటకి పద్దెనిమిది వస్తోంది. 370 దాటారు.

5.24కి ఎదురుగా జీపు వచ్చి ఆగింది. దిగినాయన చేతిలో రిజిస్టరు ఉంది. గువ్వ లైటు చూశాడు, వెనక లైట్లు చూశాడు, డ్రైవరమ్మ సైకిలు ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"దీనికి లైటేదమ్మా?"

"లేదండీ. పోయింది."

"ఇంతదూరం ఇలాగే తొక్కారా?"

"గేటు దగ్గర్నించి." ఆమె అడక్కముందే కార్డు తీసి ఇచ్చింది. "నాది తీసుకోండి. ఆమెకి లైటుంది. చూశారు కదా."

"వదినా!" అంది గువ్వ. "సార్, పావుగంటలో తెల్లారిపోతుంది. పావుగంట ఆగి తొక్కుతుంది."

"ఇప్పుడు తెల్లారలేదు కదమ్మా" అన్నాడాయన. రిజిస్టరులో 5.24 అని రాశాడు.

"పోనీ మీ జీపు కాస్త వెనకాలే నిదానంగా రానివ్వండి" అంది డ్రైవరమ్మ. "మీ లైట్ల వెలుగు పడుతుంది. ఆమెకి పక్కచూపు లేదు."

"అలా వస్తే ఆమె కార్డు కూడా తీసుకోవాలి. నా చేత ఆ పని చేయించకండి."

డ్రైవరమ్మ గువ్వ దగ్గరికి వెళ్ళింది. లైటు బిగింపు చూసింది. బ్యాటరీ పట్టీ లాగి చూసింది.

"రోడ్డు నడుమే తొక్కు. ఎవరూ రారు. తెల్లారినా ఆపకు. స్విచ్చు జోలికే పోకు. ప్లగ్గు ముట్టుకోకు."

"ముట్టుకునే రోగం నీది" అంది గువ్వ. పెడలు మీద కాలేసింది. మోకాలి కట్టు మళ్ళీ ఎర్రబడి ఉంది.

సైకిలు జీపు పైకెక్కించి కట్టి బయల్దేరేసరికి 5.33. నాలుగు నిమిషాల్లో గువ్వని దాటారు. రోడ్డు నడుమ పోవాల్సిన సైకిలు ఎడమ అంచున పోతోంది. డ్రైవరమ్మ అద్దం దించి తల బయటికి పెట్టింది.

"మాట్లాడకూడదమ్మా" అన్నాడు రిజిస్టరాయన.

ఆమె తల లోపలికి తీసుకుంది. పక్క అద్దంలో లైటు ఒకసారి ఊగింది, మళ్ళీ నిలబడింది. వంపు వచ్చాక కనిపించలేదు. అప్పటికి గువ్వకి ఇంకా నలభై ఒక్క కిలోమీటర్లు.

414 దగ్గర బడి వరండాలో బల్ల, బల్ల మీద ముద్ర, ఇంకు డబ్బా, గడియారం. జీపు 6.20కి చేరింది. సంచులు వరసగా ఉన్నాయి. డ్రైవరమ్మ తన సంచి తెరిచి ఛార్జరు చూసి మళ్ళీ మూసింది. ఎవరో టీ ఇచ్చారు. గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణించి రోడ్డు అర కిలోమీటరు దాకా తిన్నగా కనిపిస్తుంది.

6.45కి ఫోను మోగింది. ఫ్యూజు బాబాయి.

"వెలిగిందా?"

"ఒకటి వెలిగింది. ఒకటి కాల్చేశాను."

"ఎవరిది?"

"నాది."

"ఊఁ" అన్నాడాయన. "షెడ్డు గోడ మీద ఇంకో ముక్క రాయాలి" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. ఎక్కడైనా పడిపోయి గువ్వే ఫోను చేస్తే లైను ఖాళీగా ఉండాలి.

7.10. రోడ్డు మీద ఎవరూ లేరు. 7.20. రిజిస్టరాయన వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "జీపు పంపనా?" అన్నాడు. పంపితే ఎక్కాలి. "వద్దండీ" అంది. 7.25కి వరండాలో బల్ల మీద సామాను సర్దడం మొదలుపెట్టారు. ముద్ర, ఇంకు డబ్బా మాత్రం ఉంచారు. గ్లాసులో టీ చల్లారిపోయి ఉంది. ఆమె తాగలేదు.

7.31కి రోడ్డు చివర వంపు దగ్గర ఒక చుక్క వెలిగింది. మనిషి కనిపించలేదు, సైకిలు కనిపించలేదు. ఎండలో చుక్క ఒక్కటే. డ్రైవరమ్మ గ్లాసు రోడ్డు మీద పెట్టి పరిగెత్తింది. ఎదురెళ్ళి ముట్టుకుంటే సాయం కింద లెక్క. అది గుర్తొచ్చి, ఇరవై అడుగులకే ఆగి పక్కకి తప్పుకుంది.

గువ్వ ఆమెని చూడలేదు. ఆమె పక్కనించే వెళ్ళిపోయింది.

7.34కి కార్డు మీద ముద్ర పడింది. ముద్ర వేసినాయన, "పట్టపగలు లైటెందుకమ్మా, ఆపుకో" అని స్విచ్చు మీద చెయ్యి పెట్టబోయాడు. గువ్వ ఆ చేతిని పట్టుకుని పక్కకి తీసింది. ఏడు నిమిషాలు కూర్చుంది. రెండు అరటిపళ్ళు తింది. వదిన సంచిలోంచి ఛార్జరు తీసి తన వెనక జేబులో వేసుకుని, మళ్ళీ ఎక్కింది.

ఆదివారం సాయంత్రం 6.52కి 600 దగ్గర ఆఖరి ముద్ర పడింది. అప్పుడే దీపాలు పెడుతున్నారు. జీపులో ముందే వచ్చిన డ్రైవరమ్మ వంగి చూసింది. గువ్వ సైకిలు ముందు లైటు ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందని అడిగింది. చూడలేదని గువ్వ చెప్పింది. స్విచ్చు వేసే ఉంది. ప్లగ్గు పెట్టే ఉంది.